అడ్రస్

చెంగల్రాయుడి స్కూటర్ వెనక కూర్చోని
మూడు ఆదివారాలు తిరిగినా.
ఎయిర్ బైపాస్ రోడ్డులో రెండు బెడ్రూములు, ఇరవై ఎనిమిది వేలు.
"లిఫ్టుండాది, హాల్లోంచి కొండ కనపడతాది."
లిఫ్టుకెంత, కొండకెంత
విడగొట్టి చెప్పన్నా అంటే
హెల్మెట్ లోపల నవ్వినాడు.

బాలాజీ కాలనీలో జీతం అడిగినారు.
కె.టి. రోడ్డులో కులం అడిగినారు,
అంత సూటిగా కాదులే,
"ఇంట్లో ఏం వండుతారు తల్లీ" అని.
జీవకోనలో ఏడు వేలకే దొరికింది గానీ
రాత్రిపూట చిరుత దిగుతాదని ఎవరో అంటే
హేమ నా కొంగు వదల్లేదు.

భవానీ నగర్‌లో ఎతిరాజులు గారు ఏమీ అడగలేదు.
మేడమీద ఒకటిన్నర గది,
పదమూడు వేలు బాడుగ, ఆరు నెలల అడ్వాన్సు.
ఆ అర గదిలో నిలబడితే వంటిల్లు,
కూర్చుంటే దేవుడి గది.
రుయాలో రాత్రి డ్యూటీ దిగి
ఆటో లేకుండా నడిచి రావచ్చు కదా అని
ఆ నడకకి ఒక ధర కట్టుకోని సంతకం పెట్టినా.
అడ్వాన్సు కోసం గుణశేఖర్ బండి అమ్మేసినాడు.
ఇప్పుడు ఆయనా నడుస్తాడు.

సెప్టెంబరులో పెద్దాయన మెట్లెక్కి వచ్చినాడు,
చేతిలో అరటిపండ్లు.
ఇంటి ఓనరు పండ్లు తెస్తే
మనసు ముందే మూట సర్దుకుంటాది.
"బ్రహ్మోత్సవాలు గదమ్మా, తొమ్మిది రోజులు ఊరికి పోయి రండి.
ఈ నెల సగం బాడుగ చాలు.
భక్తులకి నీడ, మనకి పుణ్యం,
రోజుకి మూడు వేలు."
మూడు వేలు ఆఖర్న చెప్పినాడు,
అది ఆయన మర్యాద.

తండ్రీ బిడ్డా పుత్తూరు బస్సెక్కినారు.
నాకు సెలవు లేదు, ఉత్సవాలకి ఎవరికీ ఉండదు.
పగలు నర్సుల గదిలో బెంచీ మీద పడుకుంటే
మా అవ్వ చెప్పిన మాట:
కొండమీద ఆయనా బాడుగకొచ్చినోడేనంట.
ఆ చోటు వరాహస్వామిది.
చేతిలో రూక లేక
తొలి పూజ నీకే, తొలి నైవేద్యం నీకేనని ఒప్పుకోని
వంద అడుగులు అడిగినాడంట.
అడ్వాన్సు లేదు, పదకొండు నెలల కాగితం లేదు,
ఇన్ని యుగాలైనా
ఖాళీ చెయ్యమన్నవాడు లేడు.
నవ్వొచ్చింది. నడుము నొప్పికి నవ్వు ఆగిపోయింది.

గరుడసేవ రాత్రి మంచానికి ఇద్దరు.
ఒక ఆరేళ్ళ పాప, కొత్త గుండు, గంధం ఇంకా ఆరలేదు,
వాంతులకి కళ్ళు లోపలికి పోయినాయి.
సెలైన్ పెట్టి వాళ్ళమ్మని అడిగినా.
సిరుగుప్ప నుంచి వచ్చినారంట.
"ఇక్కడ ఎక్కడ దిగినారు?"
"భవానీ నగర్, ఎతిరాజులు గారి మేడమీద.
చిన్న రూమే గానీ చల్లగా ఉంది సిస్టర్,
ఎవరిదో కాపురం ఉన్న ఇల్లు,
గోడ నిండా పిల్ల గీసిన బొమ్మలు."

డోర్ నంబరు ఆమెకి గుర్తు లేదు.
కేస్ షీటులో అది కూడా
నేనే రాసినా.

పదోనాడు తాళం తీస్తే
అద్దానికి పసుపు వేలిముద్రలు,
స్టవ్ పక్కన సగం లడ్డు, దానికి చీమల బారు.
దిండు కింద
ఎర్ర సీతాకోకచిలక క్లిప్పు.
గుండు చేయించినాక
ఆ పాపకి దాంతో పని లేకపోయింది కాబోలు.

హేమ పెట్టుకుంటానంటే వద్దన్నా.
మేకుకి తగిలించినా, కరెంటు బిల్లుల పక్కన.

వచ్చే ఏడు భాద్రపదానికి
ఆ పాప జుట్టు మళ్ళీ క్లిప్పుకి అందుతాది.
అప్పటికి మా కాగితం గడువు కూడా తీరుతాది.
బాడుగ ఇంకో వెయ్యి పెరుగుతాదని
పెద్దాయన నిన్ననే చెప్పి పోయినాడు,
ఈసారి పండ్లు లేకుండా.