బోరు నంబరు నలభై ఒకటి

రివ్యూయర్ రాసిండు, పేరు లేదు, ఏ దేశమో తెల్వది:
"మీ పాత పత్రంలో ఈ బోరు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది.
కొత్త దానిలో తెలంగాణ అంటున్నారు.
అధ్యయన స్థలం ఎప్పుడు మార్చారో వివరించండి."

నల్లగొండ గడియారం సెంటర్ల
జిరాక్సు షాపు ముందర నిలబడి
ఆ మూడు వాక్యాలు రెండుసార్లు చదివిన.
నవ్వొచ్చింది.
మూడోసారి రాలేదు.

బోరు ఎటూ పోలేదయ్యా.
ఎర్రగంటపల్లి బడి వెనక, సర్కారు తుమ్మల పక్కన,
విరిగిన పిడికి ఇనుప తీగ చుట్టుకొని
అక్కడనే ఉంది.
కదిలింది రాష్ట్రం.
రెండేండ్లకు జిల్లా కూడ.

ఇంకో ముచ్చట.
నా పేరు వెతికితే ఇద్దరు దొరుకుతున్నరు.
ఏర్పుల సుగుణ, ఆంధ్రప్రదేశ్: పదకొండు పత్రాలు.
ఏర్పుల సుగుణ, తెలంగాణ: మూడు.
మొదటామె రెండువేల పద్నాలుగుల ఆగిపోయింది,
చచ్చిపోయిందనుకుంటరు కావచ్చు చదివెటోళ్లు.
రెండో ఆమె అప్పుడే పుట్టింది
నలభై ఆరేండ్ల వయసుల,
ఎవరూ ఎరుగని పిల్ల.

ఇద్దర్ని కలపమని అర్జీ పెట్టిన.
రుజువు అడిగిండ్రు.
నేను ఒక్కదాన్నే అనేటందుకు
ఏం రుజువు తేవాలె?

రాష్ట్రం కావాలని నేనూ నడిచిన, అబద్ధమెందుకు.
ల్యాబుకు తాళమేసి, తెల్లకోటు విప్పకుండనే
నార్కట్‌పల్లి తొవ్వల రాస్తారోకోకు కూసున్న.
పక్కన బిక్షమయ్య.
నడుం వంగింది, మెడ తిరగది,
నినాదం మాత్రం నిటారుగ ఇచ్చిండు.
ఆయన పండ్ల మీది గారనే
నా తొలి పత్రంల మొదటి బొమ్మ.

జవాబు రాయాలె, ఇంగ్లీషుల, మర్యాదగ.
"హద్దు మారింది. స్థలం మారలేదు.
అక్షాంశ రేఖాంశాలు జతచేశాను."
రాసి, కొట్టేసి, మళ్ల అదే రాసిన.
ఫ్లోరైడు అప్పుడు లీటరుకు ఆరు పాయింట్ రెండు మిల్లీగ్రాములు.
ఇప్పుడు ఆరు పాయింట్ ఒకటి.
ఆ తేడా మిషను పొరపాటుల
కలిసిపోయెటంతే.

నల్లా నీళ్లొచ్చినయి, మంచిదే.
మోటరు కాలిననాడు మాత్రం
బిందెలకు పాత తొవ్వ యాదికుంటది.

నిన్న బిక్షమయ్య మనుమరాలు సీసా పట్టుకొచ్చింది.
లేబులు మీద పెన్ను ఆపి అడిగింది:
"మేడం, జిల్లా పాతది రాయాల్నా, కొత్తదా?"

నంబరు రాయి బిడ్డా,
ముందుగాల నంబరు రాయి.
సీసా తడి ఆరనియ్యి,
సిరా అలుక్కుపోతది.