గుండె వార్డులో పార్మో

ఏడో మంచం డెరిక్ హార్కర్‌కి
నిన్న సాయంత్రం రెండు స్టెంట్లు వేశారు.
పొద్దున్నే బీపీ చూడబోతే నా మణికట్టు పట్టుకుని
"సిస్టర్, నువ్వెప్పుడైనా పార్మో తిన్నావా?" అన్నాడు.

నా చేతిలో పథ్యం కాగితం ఉంది.
మొదటి వాక్యం: వేపుళ్ళు మానండి.
రెండోది: వెన్న, చీజ్ తగ్గించండి.
ఆ రెండు వాక్యాలకీ పెళ్ళి చేసి
తలంబ్రాలు పోస్తే
అది పార్మో.

ఎరగనివాళ్ళకి చెబుతున్నా.
కోడి రొమ్ముని కొట్టి కొట్టి చపాతీ అంత చేస్తారు.
రొట్టెపొడిలో పొర్లించి నూనెలో దింపుతారు.
పైన పాలూ మైదా కలిపిన తెల్ల సాస్ దుప్పటి,
దుప్పటి మీద చీజ్, చీజ్ మీద ఇంకాస్త చీజ్.
బుడగలొచ్చేదాకా మంట కింద పెట్టి
పిజ్జా పెట్టెలో ఇస్తారు, మూత పడదు.
పక్కన చిప్స్. ఓ మూల కాస్త క్యాబేజీ,
అది మనస్సాక్షికి.

ఈ గదిలో ఆరు మంచాలు, తొమ్మిది అభిప్రాయాలు.
పుట్టింది మిడిల్స్‌బరోలోనే అంటాడు డెరిక్.
ఎదురు మంచం స్టాక్టన్ మనిషి,
ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి మరీ కాదంటాడు.
రెండూళ్ళకీ మధ్య టీస్ నది, నాలుగైదు మైళ్ళు.
సాస్ పల్చనైతే పోలీసుల్ని పిలవాలని ఒకాయన.
వెల్లుల్లి సాస్ ముంచుకోని వాణ్ణి
అల్లుడిగా ఒప్పుకోలేదని ఇంకొకాయన.
పక్క గదిలోంచి బెరిల్ ప్రౌడ్‌లాక్, ఎనభై నాలుగేళ్ళు,
గోడ అవతలి నుంచే తీర్పు చెప్పింది:
"అసలుది పంది మాంసంతో. కోడి వచ్చి చెడగొట్టింది."
లండన్ నుంచి వచ్చిన కుర్ర డాక్టరు
ఒక్క ముద్ద తిని చాలన్నాడట.
మూడు వారాలైంది,
అతనికి ఎవరూ నొప్పి ఎక్కడో సరిగ్గా చెప్పడం లేదు.

నాకు నవ్వు రాలేదు.
మాది కాకినాడ. గొట్టం కాజా ఊరు.
మా మేనమామ పెళ్ళిపందిట్లో
తాపేశ్వరం వియ్యంకుడితో మడత కాజా దగ్గర మాటామాటా అనుకుని
మూడేళ్ళు ఆ గడప తొక్కలేదు.
పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్న పెద్దమనిషి
పొరుగూరి మిఠాయి తిని ఉండడు.

కాగితం నింపాలి కదా, అడిగాను.
"వారానికి ఎన్ని?"
"ఒకటి. శుక్రవారం."
రెడ్‌కార్ కొలిమిలో ముప్పయ్యొక్కేళ్ళు,
రాత్రి షిఫ్టు దిగేసరికి తెరిచి ఉండేది ఆ కొట్టొక్కటేనట.
ఇప్పుడు కొలిమి లేదు. కొట్టు ఉంది.
"ఒకటి అంటే, మొత్తమా?"

కిటికీ వైపు చూశాడు.
కార్ పార్కు, వాన, ఒక సీగల్.
"నోరీన్ ఉన్నప్పుడు సగం.
మాడిన అంచులన్నీ తనకే కావాలి.
ఇప్పుడు మొత్తం తెస్తా. సగం ఫ్రిజ్‌లో పెడతా.
ఆదివారం పారేస్తా."

కాగితంలో దానికి గడి లేదు.
'సగం' అని రాశాను.
అబద్ధం కాదు కదా.

అప్పుడు చెప్పాను, తిన్నానని.
కొట్టాయంపిల్ల లిస్సమ్మా నేనూ
జీతం వచ్చిన శుక్రవారం లింథార్ప్ రోడ్డులో వరసలో నిలబడతాం,
ఒక పెట్టె, రెండు ఫోర్కులు,
బస్ స్టాపు బల్ల మీద, యూనిఫాం పైన కోటు బిగించుకుని,
మా రోగులెవరూ చూడకుండా.
మాడిన అంచు దగ్గర మాకూ తగువే.

"ఏ కొట్టు?"
లేచి కూర్చున్నాడు.
స్టాక్టన్ ఆయన మాస్కు తీసేశాడు.
గోడ అవతల బెరిల్ టీవీ సౌండు తగ్గించింది.

పేరు చెప్పాను.

"అక్కడా?" అన్నాడు డెరిక్, "అయ్యో సిస్టర్, అక్కడా!"
మానిటర్ మీద అంకె తొంభై దాటింది.
"పడుకోండి" అన్నాను.
పడుకోలేదు.
నా పథ్యం కాగితం లాక్కుని, వెనక్కి తిప్పి
నేను వెళ్ళాల్సిన కొట్టుకి
బొమ్మ గీసి దారి చూపిస్తున్నాడు.