బండి పండుకున్నందుకు

బాలానగర్ దాటినంక
సీతాఫలాల గంపలు రోడ్డు మీదికొచ్చే మలుపుల
నీళ్ల ఆటల పార్కు, దాని పక్కపొంటి హోటలు.
గేటుకాడ ప్లాస్టిక్ కుర్చీల నేనుంట.
మెడల పసుపు తాడు, చేతుల రసీదు బుక్కు,
దవడల పొద్దటి తంబాకు.

గది తీసుకున్నోళ్లకు గూడ
బండికి రాత్రికి రెండువందల యాభై.
ఈ ముచ్చట చెప్పేది నేనే.
లోపట కౌంటర్ల కూసున్న పిల్ల చెప్పదు.
ఆమెకు నవ్వినందుకు జీతం,
నాకు తిట్లు పడ్డందుకు.

"గదికి ఆరువేలు గట్టినం గదనయ్యా!
బండి గూడ లోపటికొచ్చి ఏసీ కింద పండుకుంటదా?
తానం జేస్తదా? పొద్దుగాల ఇడ్లీ తింటదా?"
మిర్యాలగూడ నుంచొచ్చిన సారు అడిగిండు.
దసరా సెలవుల పిల్లలు ఎనక సీట్ల కిసకిస నవ్విండ్రు.
నాకూ నవ్వొచ్చింది, మింగిన.
మేనేజరు కెమెరాల చూస్తడు,
నవ్వితె గూడ కనవడ్తది.

రసీదు రాసిన.
నంబరు. రంగు తెలుపు. చక్రాలు నాలుగు.
వచ్చిన యాళ్ల రాసిన, పొయ్యే యాళ్ల ఖాళీ.
సామాన్లు పోతె మాకు సంబంధం లేదని
కింద చీమల బారు లెక్క అక్షరాలు.
అవి నేనెన్నడు సదివి ఇనిపియ్యలే,
ఎవ్వరు అడగలే.

మా తాత జెప్తుండె,
అంగడిల తైబజారు ఉండేదంట,
గంపకింత, మేకకింత.
అమ్మెటోడు గట్టాలె.
ఊకె నిలవడ్డోన్ని ఎవడూ ఏం అడగకపోతుండె.

పదకొండు గొట్టంగ
జారుడు గొట్టాల లైట్లు బందయినయి.
నీళ్లు కదలక కప్పలు మొదలువెట్టినయి.
టార్చి వట్టుకొని బండ్లు లెక్కవెట్టుకుంట పోయిన,
నలభై మూడు.
మిర్యాలగూడ బండి అద్దం రెండేళ్ల సందు దిగి ఉన్నది.
లోపట సీటు ఎనకకు వంచి,
కాళ్లు స్టీరింగు మీద వెట్టి
డ్రైవరు ఖాజా మియా.

డ్రైవర్లకు హోటల్ల గది లేదు.
జనరేటరు పక్కన ఒక బెంచి ఉన్నది,
దోమలకు మాత్రం అది ఫుల్లు.

"అన్నా, బండికి కిరాయి గట్టినం గద,
దాని జాగల నేను పండుకుంటె తప్పా?"
రూలు ప్రకారం తప్పే.
బండ్లల్ల మనుషులు ఉండరాదని బోర్డున్నది.
ఆ బోర్డు కిందనే నా కుర్చీ.

ఏమనాల్నో తోచలే.
ఎందుకో భీవండి యాదికొచ్చింది.
పదకొండు అంతస్తుల పని, రెండేండ్లు.
సిమెంటు బస్తాల పక్కన, ఇసుక మీద,
నేను, కుర్మయ్య, వాని పెండ్లాం, వాళ్ల సంటిది.
ఎవ్వడూ పైస అడగలే.
రాత్రిపూట ఆ ఇసుక సల్లగ ఉంటుండె.
కట్టుడయినంక లెక్క తెంపుకుందామని పోతె
కింద నున్నగ గచ్చు, తెల్లగీతలు.
మేం పండుకున్న తావుల
ఏడో నంబరు,
దాని మీద గుడ్డ కప్పుకొని ఒక కారు.

"అద్దం ఇంకింత దించుకో" అన్న,
"ఊపిరాడది."
మేనేజరు అడిగితె ఏమనాల్నో పొద్దుగాల జూద్దాం.
దుడుకు దుడుకుగ టార్చి బందు జేసిన,
కెమెరాకు నేను గూడ కనవడకుంట.

తెల్లారి సారు మల్ల పంచాది వెట్టిండు,
నిన్నటి ఇడ్లీ మాటే మల్లొకపారి అన్నడు.
పిల్లలు ఈసారి నవ్వలే, నిద్రమొకాలు.
ఆఖరుకు రెండువందలు, ఒక యాభై,
నా చేతుల వెట్టలే, కుర్చీ మీద ఏసిండు.

నా టీవీఎస్సు గేటు బయట,
తుమ్మ మొద్దుకు గొలుసేసి ఉంటది.
పనోళ్ల బండ్లకు లోపట జాగ లేదు.
రాత్రంత మంచు గురిసి సీటు తడితడి.

ఖాజా మియా కారు అద్దాలు తుడిసిండు,
డోర్లు తుడిసిండు, నంబరు ప్లేటు తుడిసిండు.
గుడ్డ పిండి,
గేటు దాటి బయటికి పోయి
నా బండి సీటు తుడిసొచ్చిండు.
ఏమనలే. నా దిక్కు సూడలే.

సారు పక్క సీట్లకెల్లి వంగి హారను గొట్టిండు.
నేను లేశి
అడ్డం పైపు లేపిన.