ముసురు పక్షం

"క్షమించు," అంటుంది ఫ్లోరా
మందుల కొట్టు షట్టర్ ఎత్తుతూ,
వాన తను పెంచిన కుక్క అయినట్టు,
అది బురద కాళ్ళతో నా మీదికి ఎగబాకినట్టు.
"పదకొండో రోజు. పాపం నువ్వు, ఎండ దేశం దానివి."

పాపం కాదు ఫ్లోరా.
నాది రెంటచింతల.
రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటే
మీరు సామెత అనుకుంటారు.
మా పెరటి రోలు అంచున వేలెడు నెర్రె ఉండేది.
ఎవరు పగలగొట్టారని అడిగితే
అమ్మ ఆకాశం వైపు గడ్డం ఎగరేసేది.
తడిపిన వట్టివేళ్ళ తడికెకి
పావుగంటలో వాసన ఒక్కటే మిగిలేది.
పన్నెండింటికి వీధికుక్క
తన నీడలో తనే పడుకుందామని
గుండ్రంగా తిరిగి తిరిగి ఓడిపోయేది.
ఎండ ఎంత బాగుంటుందో నాకు చెప్పేవాళ్ళంతా
దాన్ని సెలవుల్లో చూసొచ్చినవాళ్ళు.

తర్వాత శాన్ డియేగోలో మూడేళ్ళు.
లోకమంతా మెచ్చిన గాలి.
ఇవాళ ఇరవై రెండు. నిన్నా ఇరవై రెండే.
ఉప్పు వెయ్యని పెసరకట్టు లాంటి రోజులు.
కిటికీ తెరవడానికి కారణం లేదు,
మూయడానికీ లేదు.
పక్కింటామెతో మాట కలుపుదామంటే
ఆకాశం ఒక్క ముక్క అందించదు.
ఏ నెలలో ఏడ్చానో గుర్తు పెట్టుకుందామన్నా
ఆనవాలుకి ఒక మబ్బుండదు.
నన్నడిగితే, బతకడానికి అన్నిటికన్నా కష్టమైన చోటు అదే.
నవ్వండి. ఫ్లోరా కూడా నవ్వింది.

ఈ ఫోర్ట్ విలియంలో
బెన్ నెవిస్ ఉందన్న మాట నమ్మకం మీద సాగుతుంది.
పద్నాలుగు రోజులు నాకది కనబడలేదు.
పై వాటాలో డూగల్ మెక్‌ఫీ, రైల్వేలో చేసి దిగినవాడు,
పొద్దున్నే మెట్ల దగ్గర బారోమీటర్‌ని
వేలి గణుపుతో రెండుసార్లు తడతాడు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
ముల్లు పైకి రావాలని అతను.
కిందికి జారాలని నేను.
"డ్రీఖ్," అంటాడు. తడీ దిగులూ బూడిద రంగూ
గొంతులో ఒకేసారి గీరుకునే మాట.
"ముసురు," అంటాను.
"ముసుర్రు," అంటాడు, ఆఖరి అక్షరాన్ని కొండ మీంచి దొర్లిస్తూ.
నా మాటలో దిగులు లేదని చెప్పాను.
అందులో బడికి సెలవుందని చెప్పాను.

అబద్ధమెందుకు,
తువ్వాలు మూడో రోజుకీ ఆరదు.
బీరువా వెనక గోడ మీద బూజు,
తుడిచినప్పుడల్లా సరిహద్దులు మార్చుకునే నల్లటి దేశం.
జూన్‌లో మిడ్జీలు, కంటికి ఆనవు, కనుబొమల్లో దూరి కొరుకుతాయి.
డిసెంబరులో మూడున్నరకే దీపాలు.
వాన నాకిష్టం, చీకటి కాదు.
ఇక్కడ రెండూ ఒకే పొట్లంలో కట్టిస్తారు.

మొన్న మేలో ఒకరోజు ఇరవై ఆరు.
ఊరంతా చొక్కాలు విప్పేసి గడ్డి మీద పడింది.
బ్యాంకు మేనేజరు భుజాలు ఉడికించిన రొయ్యలు.
ఎండ పూత సీసాలు పదకొండుకే అయిపోయాయి.
"ఇవాళైనా సంతోషమా?" అంది ఫ్లోరా.
ఇంటికెళ్ళి పరదా లాగి,
చీకట్లో చన్నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను.
ఒళ్ళు మరిచిపోదు.

జనవరిలో డూగల్ టెనెరీఫ్ వెళ్ళాడు,
బారోమీటర్ తట్టే పని నాకప్పగించి.
ఒక కార్డు వచ్చింది:
"ఎండ. మళ్ళీ ఎండ. ముల్లు ఎలా ఉంది?"

వారం ముందే తిరిగొచ్చాడు.
టాక్సీ వెళ్ళిపోయాక కూడా గుమ్మం ముందే నిలబడ్డాడు,
ముక్కు పొరలు లేచి, గొడుగు లేకుండా, మొహం పైకెత్తి.
"ముసుర్రు," అన్నాడు.
"కాదు, ఇది తుంపర. ముసురంటే రేపు కూడా ఉండాలి."
లోపలికొచ్చి, పెట్టె దించకుండానే
గాజు మీద రెండుసార్లు తట్టాడు.
ముల్లు ఎటు కదలాలని తట్టాడో
నేను అడగలేదు.