పుట్టి కడుపు మీద

పుట్టిని బోర్లేస్తే తాబేలు.
తారు ఆరినంక ఈదమ్మత్త
సున్నంల వేలు ముంచి
దాని కడుపు మీద రెండు కండ్లు రాస్తది.
నడుమ జాజుతోని చేప,
చేప నోట్లె జొన్నకంకి.

నీళ్ళకిందికి పోయేదాన్ని ఎవరు చూస్తరత్తా
అంటే నవ్వేది:
"చూడాల్సినామె కిందనే ఉంటది."

ఆ కండ్లతోనే నడికృష్ణల మా గడ్డకు
పెండ్లిపిల్లలొచ్చిన్రు,
గద్వాల సంతకెల్లి యూరియా బస్తాలొచ్చినై,
పీర్లు దట్టీలు తడవకుంట దాటినై.

ఏరు పొంగిన ఏడు
ఉశేనప్ప మామ లేకుంట
పుట్టొక్కటే ఒడ్డుకొచ్చింది,
బోర్లపడి,
కండ్లు మొగులు దిక్కు పెట్టి.
అత్త దాన్ని కడగలే, కాల్చలే.
మూడు నెలలు సున్నం తడపలే.

ఇప్పుడు బ్రిడ్జి అంటున్నరు.
ఏడు పిల్లర్లు లేచినై.
ఎనిమిదోది రెండేండ్లసంది
ఇనుపచువ్వలు బయటపెట్టుకొని నిలబడ్డది,
బిల్లు రాలేదంట.

మొన్నెండకు నీళ్ళు గుంజితే
ముంత పట్టుకొని మోకాలులోతు దిగింది అత్త.
సిమెంటుకు సున్నం పట్టదంటిమి, ఇనలే.
కాంట్రాక్టరు మనిషి ఒడ్డుమీదికెల్లి ఒర్లిండు:
"సర్కారు పనిమీద గీతలేందే ముసలిదానా!"
ఒరియా మేస్త్రి పిల్లగాడు మాత్రం
చెప్పులిడిచి వచ్చి
నిచ్చెన పట్టుకున్నడు.

ఏడింటికీ జంటకండ్లు.
ఎనిమిదోదానికి ఒకటే. సున్నమయిపోయింది.

వానలు పడ్డయి. పుట్టిల దాటేటప్పుడు
అందరం ఆ ఒంటికన్ను దిక్కే చూస్తం.
అది మా దిక్కు చూడదు.
కిందికే.