ఈగ వాలని బండి

రావులపాలెం బైపాస్ పక్కన
తాతారావు పెయింటింగ్ షెడ్డు వెనక
మేడ గది నాది. అద్దె నాలుగు వేలు,
థిన్నరు వాసన ఉచితం.

బల్ల మీద బూడిదరంగు డబ్బా ఒకటి.
కంట్రోలరు. నిజమైనదే.
దానికి కళ్ళు లేవు, చెవులు లేవు,
నేనేం చెబితే అదే లోకం.
బండి వచ్చింది అంటాను, వచ్చిందనుకుంటుంది.
గది తలుపు మూసుకుంది అంటాను,
రోబోల్ని చెయ్యెత్తమంటుంది.
ఎక్కడో ఇంకా పునాదులు ఆరని ఫ్యాక్టరీ
కట్టడం అయిపోయిందని, నడుస్తోందని
ఈ కొబ్బరిమట్టల చప్పుడులో కూచుని
దాన్ని నమ్మించడం నా ఉద్యోగం.
రోజుకి పది గంటలు ఒక పెట్టెకి అబద్ధమాడి
నెలాఖరుకి జీతం తీసుకుంటాను.

తెర మీద బండ్లు వస్తాయి.
ఇంజను లేదు, చక్రాల్లేవు, సీట్లు లేవు,
ఉత్త ఇనప డొక్కలు.
మందునీళ్ళ తొట్టిలో మునిగి లేస్తాయి,
కొలిమిలోకి పోయి వస్తాయి.
నాలుగు చేతులు నాలుగు వైపుల నుంచీ వంగి
తలుపు తీసి, లోపల పూసి, తలుపు వేసి
మర్యాదగా పక్కకి తప్పుకుంటాయి.
ముందు గది ఖాళీ అయితే గాని
వెనక గది తలుపు తెరుచుకోదు.
ఈ లెక్క నాకు కాలేజీలో రాలేదు.
లొల్ల లాకుల దగ్గర లస్కరుగా చేసిన మా చినతాత
పై తలుపు మూసి, నీళ్ళు సమానమయ్యేదాకా
చుట్ట కాల్చుకుంటూ కూచుని
అప్పుడు కింది తలుపు తీసేవాడట.
పడవలు ఆగిపోయాయి. ఆయనా లేడు.
ఆ చుట్ట కాలేంత సేపు మాత్రం
నా ప్రోగ్రాంలో పన్నెండో వరసలో ఉంది.

గుబ్బల తాతారావు మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చాడు,
మోచేతులదాకా లారీ ఆకుపచ్చ.
ముప్పయ్యేళ్ళు గన్ను పట్టిన కుడి భుజం
కొంచెం కిందికి జారి ఉంటుంది.
స్టూలు లాక్కుని
రోబో మణికట్టునే చూశాడు, చాలాసేపు.
"తిప్పడం బానే ఉందండి, ఆయ్.
అంచు దాటేదాకా గన్ను ఆపకూడదండి.
అంచు మీదే ఆపితే అక్కడ కారుద్ది."
ఎనభై మిల్లీమీటర్లు అవతలికి జరిపాను.
కారడం ఆగింది.

"మరి వానొస్తే?"
గది లోపలండీ, గాలి కూడా కొలిచి వదులుతాం.
"తేమో?"
అరవై ఐదు శాతం. మారదు.
నవ్వాడు. బయట ఆషాఢం,
షెడ్డులో మూడు రోజులుగా ఓ ట్రాక్టరు తొట్టి
ఆరక, తెల్లగా పాలిపోయి నిలబడి ఉంది.
"పోనీ, ఈగ?"
ఏం ఈగ?
"పచ్చి రంగు మీద వాలే ఈగండి.
ఎన్ని పరదాలు కట్టినా ఒకటి వాలద్ది.
మెరుపంటే దానికి అదో ఇది.
మీ బొమ్మలో ఒక్కటీ వాలదా?"

వాలదు.
వెయ్యి బండ్లు వెళ్ళాయి, వెయ్యీ మచ్చ లేకుండా.
ఆ రాత్రి మొదటిసారి
ఆ శుభ్రం చూస్తే భయమేసింది.

లాప్‌టాప్ తెరిచి ఒక ఈగని రాశాను.
రెక్కలు గీయలేదు, అంత ఓపిక లేదు.
నలభై ఏడో బండి, బానెట్టు మీద,
ఎడమ లైటుకి జానెడు పైన.
డబ్బాకి చెప్పలేదు.

డబ్బా చూసుకోలేదు.
మెరుపు పూత దాని మీదే కొట్టి
ఈగని గాజుపెట్టెలో పెట్టినట్టు పెట్టి
కొలిమిలోకి సగౌరవంగా పంపింది.

మళ్ళీ రాశాను. పైన కెమెరా ఒకటి బిగించాను,
ఆపమన్నాను, పక్కదారికి మళ్ళించమన్నాను.
మధ్యలో కరెంటు పోయింది, యూపీఎస్ కుయ్యిమంది,
దోమలు నిజంవే కుట్టాయి.
పదిహేడోసారికి లైను ఆగింది. ఎర్రదీపం.
ఈ అలారానికి పేరేంటని అడిగింది.
పెట్టాను.

పోయిన వారం ఫ్యాక్టరీ నుంచి ఫోను.
అసలు గోడలు, అసలు రోబోలు, అసలు రంగు.
సైటింజనీరు హిందీలో అడిగాడు,
తాతారావు అంటే ఏంటండీ,
రాత్రి రెండుసార్లు మోగింది అని.

కిందికి దిగి చెప్పాను.
ఆయన ఓ ఆటో టాపు మీద వంగి
గోటి చివరతో దేన్నో లేపుతున్నాడు.
"రెండుసార్లేనా?" అన్నాడు, తలెత్తకుండా.