ఐదు చొక్కాల సంచి

ఆమె కాలరుకి మైకు తగిలించేవాణ్ణి నేనే,
అరవై మూడుసార్లు.
టొరంటో స్టూడియోలో ఒక్కరోజే ఐదు ఎపిసోడ్లు తీస్తారు;
పొద్దున సోమవారం మొదలైతే
భోజనాల వేళకే బుధవారం అయిపోతుంది.
అందుకే హెస్టర్ మున్రో
ఇస్త్రీ చేసిన ఐదు చొక్కాలు సంచిలో పెట్టుకొచ్చేది.

థండర్ బే రేవులో ధాన్యం గోదాము,
అక్కడ ముప్పై ఏళ్లు తూకాల గుమస్తా.
రాజుల వంశాలు, నదుల పేర్లు, విషాలకు విరుగుళ్లు
రాత్రి డ్యూటీల్లో
లారీకీ లారీకీ మధ్య చదువుకున్నవేనట.
గెలిచిన ప్రతిసారీ తెరమీది డబ్బు అంకెను
తూకం చీటీలా
కళ్లద్దాలు పైకి జరిపి మరోసారి సరిచూసుకునేది.

మీరు చూసింది ఆమె ముఖం.
నాకు తెలిసింది ఊపిరి.
జవాబు తెలిస్తే ముక్కుతో చిన్నగా పీల్చేది,
వేడి టీ దగ్గరికి తెచ్చుకున్నట్టు.
వెంటనే బొటనవేలు, టిక్.
ఆ రెంటికీ మధ్య సందు
నా హెడ్‌ఫోన్లలో ఎన్నడూ వినపడలేదు.

ఆ రోజు బుధవారం. అంటే మూడో చొక్కా, ఆకుపచ్చది.
"గాలికి ఎగరబోసి
గింజనీ పొట్టునీ విడదీసే పనిని ఏమంటారు?"
నవ్వుకున్నాను కూడా,
ఇది ఆమెనా అడగడం!
ఊపిరి వచ్చింది.
సందు వినిపించింది.
అందులో ఏముందో నాకు తెలీదు,
లారీ వెనక్కి వస్తున్న చప్పుడో
రేకు మీద గోధుమలు జారే చప్పుడో.
ఈలోగా టిక్‌మంది
పక్క బల్ల.
ల్యూక్ ఆర్సెనో, ఇరవై రెండేళ్లవాడు,
గోధుమ కంకి చేత్తో పట్టి ఎరగనని తర్వాత నాతోనే అన్నాడు.
"తూర్పారబట్టడం,"
ఎక్కం అప్పజెప్పినట్టు.

చప్పట్లు. ముందు కొట్టింది ఆమే.
మైకు విప్పుతుంటే సంచిలోకి తొంగిచూసి
"ఈ రెండూ మడత నలగలేదు,
మళ్లీ ఇస్త్రీ అక్కర్లేదు" అంది.
నాకేం చెప్పాలో తోచక
వైరు చుట్టుకుంటూ నిలబడ్డాను.

అది టీవీలో వచ్చేది ఏడు వారాలకి.
అందాకా నోరు విప్పనని సంతకం.
కొత్త ఏడాదికి కార్డు రాసింది:
వాళ్ల వీధి బేకరీ కిటికీలో అప్పట్లో
రోజూ సుద్దతో అంకె మార్చేవాళ్లట,
యాభై ఎనిమిది, యాభై తొమ్మిది...
రొట్టె చుట్టిస్తూ "రేపూ మీదే" అంటుంటే
"చూద్దాం" అనేదట,
చిల్లర లెక్కపెట్టుకుంటూ.